కాలేయంలోని కొవ్వు ఎంజైములకు వ్యాయామంతో పని చెప్పడం ఎలా?

కడుపు స్కానింగ్ రిపోర్టులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న మాటను, రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ అంకె పక్కన పడిన గుర్తును చూసుకొని, ‘లివర్ ఎంజైములు పెరిగాయి, వ్యాయామం చేస్తే తగ్గుతాయి’ అన్న సలహాతో ఇంటికి వచ్చినవారి కోసం ఇది రాస్తున్నాను. సలహా మంచిదే. కానీ ‘ఎంజైములు’ అన్న ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. రిపోర్టులో కనిపించే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ (వీటినే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అని కూడా రాస్తారు) కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైములు. కొవ్వు తయారీని గానీ కరగడాన్ని గానీ అవి నడిపించవు. కొవ్వు వ్యవహారమంతా చూసుకునే ఎంజైములు కణం లోపలే ఉంటాయి, మామూలు రక్తపరీక్షలో కనిపించవు. వ్యాయామం నేరుగా మార్చేది ఈ రెండో రకాన్ని. ఆ మార్పు గంటల్లో మొదలవుతుంది, వ్యాయామం మానేస్తే రోజుల్లో చెరిగిపోతుంది. అందువల్ల కాలేయం విషయంలో ఎంత గట్టిగా చేశారన్నదాని కంటే ఎన్ని రోజులకొకసారి చేశారు, ఏ వేళకు చేశారు అన్నవే ముఖ్యమని నా నమ్మకం. కింద చెప్పే పద్ధతి అంతా దాని మీదే నిలబడి ఉంది.

మొదట, లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

కాలేయానికి కొవ్వు మూడు దారుల్లో వస్తుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవారి మీద జరిగి 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, కాలేయంలో చేరిన కొవ్వులో దాదాపు 59 శాతం శరీరంలోని కొవ్వు నిల్వల నుంచి రక్తం ద్వారా వచ్చినదని, 26 శాతం కాలేయం తానే చక్కెర, పిండిపదార్థాల నుంచి తయారుచేసుకున్నదని, తిన్న నూనె, నెయ్యిల నుంచి నేరుగా వచ్చినది 15 శాతమేనని తేలింది. ఫ్యాటీ లివర్ అనగానే నెయ్యి మానేసి, అన్నం, తీపి టీ మాత్రం ఎప్పటిలాగే కొనసాగించేవారు ఈ అంకెలను ఒకసారి మనసులో పెట్టుకోవాలి.

కాలేయం తానే కొవ్వు తయారుచేసుకునే పనిలో రెండు ఎంజైములు ప్రధానమైనవి. మొదటిది ఎసిటైల్ కోఎ కార్బాక్సిలేజ్. ఇది మలోనైల్ కోఎ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. రెండోది ఫ్యాటీ యాసిడ్ సింథేజ్. ఇది ఆ మలోనైల్ కోఎను ముక్కముక్కగా అతుకుతూ పొడవైన కొవ్వు ఆమ్లంగా మారుస్తుంది. భోజనం తరువాత పెరిగే ఇన్సులిన్ ఈ రెండింటి తయారీని పెంచుతుంది. ఇక కొవ్వు కరిగే వైపు చూస్తే, కొవ్వు ఆమ్లాలు ఖర్చు కావాలంటే కణంలో శక్తి తయారయ్యే భాగమైన మైటోకాండ్రియాలోకి వెళ్ళాలి, వాటిని లోపలికి పంపే ద్వారం దగ్గర సీపీటీ-1 అనే ఎంజైము ఉంటుంది. అసలు కీలకం ఇక్కడ ఉంది: పైన చెప్పిన మలోనైల్ కోఎ ఆ సీపీటీ-1ను పనిచేయనివ్వదు. అంటే కొత్త కొవ్వు తయారవుతున్నంతసేపూ పాత కొవ్వు కరిగే తలుపు మూసుకునే ఉంటుంది. పంట కాలువకు నీళ్ళు వదలాల్సిన తూమును చెరువు నింపేవాడే బిగించి పట్టుకున్నట్టు.

మీరు నడక మొదలుపెట్టిన కాసేపటికి రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది, దానికి ఎదురుగా పనిచేసే హార్మోను గ్లూకగాన్ పెరుగుతుంది, కండరాలకు అందించడానికి కాలేయం తన నిల్వలోని గ్లూకోజును విడుదల చేస్తూ, కొత్తగా మరికొంత తయారుచేస్తూ తన శక్తిని ఖర్చుపెడుతుంది. కణంలో శక్తి తరిగినప్పుడు మేలుకొనే ఎంజైము ఒకటుంది, దాని పేరు ఏఎంపీకే. అది ఎసిటైల్ కోఎ కార్బాక్సిలేజ్‌కు ఒక ఫాస్ఫేట్‌ను తగిలించి దాని పని ఆపిస్తుంది. మలోనైల్ కోఎ తగ్గుతుంది, సీపీటీ-1 విడుదలవుతుంది, తలుపు తెరుచుకుంటుంది. పరుగెత్తించిన ఎలుకల కాలేయాల్లో ఈ వరుసను పరిశోధకులు నేరుగా కొలిచి చూశారు. మనుషుల కాలేయం నుంచి ప్రతిసారీ ముక్క తీసి చూడడం కుదరదు కాబట్టి మనవైపు ఆధారాలు ఎక్కువగా స్కానింగుల నుంచి, గుర్తువేసిన అణువులతో చేసే పరీక్షల నుంచి వచ్చాయి.

కండరం చేసే మేలు మరొకటి ఉంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది, ఆ తరువాత కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ మాటను బాగా వింటుంది. తిన్న అన్నం కండరాల్లోకి ఎంత వెళితే కాలేయంలో కొవ్వుగా మారడానికి అంత తక్కువ మిగులుతుంది.

మొదలుపెట్టక ముందే పరీక్షలు చేయించుకోండి

చాలామంది ఈ వరుసను తిరగేస్తారు. రిపోర్టు చూసి భయపడి, మరునాడే జిమ్‌లో చేరి, వారం తిరగకుండా ‘తగ్గిందేమో చూద్దాం’ అని మళ్ళీ రక్తం ఇస్తారు. అంకె తగ్గకపోగా పెరుగుతుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కాలేయంలోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి, ముఖ్యంగా ఎస్‌జీఓటీ. అలవాటు లేని బరువులు ఎత్తినప్పుడు కండరాల పోగుల్లో ఏర్పడే చిన్నచిన్న చీలికల నుంచి అవి రక్తంలోకి చేరతాయి. ఆరోగ్యవంతులైన, బరువులు ఎత్తడం అలవాటు లేని పురుషుల చేత ఒక గంట వ్యాయామం చేయించి గమనించిన పరిశోధన ఒకటి 2008లో ప్రచురితమైంది. అందులో ఈ రెండు ఎంజైములూ కనీసం 7 రోజుల పాటు ఎక్కువగానే ఉన్నాయి. కాలేయానికి ఏమీ కాలేదు. అదే సమయంలో కాలేయం స్థితిని చూపే ఇతర అంకెలైన జీజీటీ, బిలిరుబిన్ మాత్రం మామూలుగానే ఉన్నాయి.

అందుకని రక్తపరీక్షకు ముందు వారం రోజులు బరువులు, పరుగు, అలవాటు లేని పొలం పని, ఇల్లు మారేటప్పటి బరువుల మోత వంటివి పెట్టుకోకండి. అలవాటైన మామూలు నడక పరవాలేదు. తప్పనిసరై అలాంటి పని చేసి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఎస్‌జీపీటీతో పాటు జీజీటీ, కండరాల ఎంజైమైన సీపీకే కూడా చూస్తే మూలం కాలేయమా, కండరమా అన్నది చాలావరకు తేలుతుంది. సీపీకే బాగా పెరిగి జీజీటీ మామూలుగా ఉంటే ముందుగా అనుమానించాల్సింది కండరాన్నే.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో ఒక లెక్కతో చూపిస్తాను. కాలేయం గట్టిపడుతోందేమో అంచనా వేయడానికి డాక్టర్లు వాడే ఫిబ్-4 అనే సూచిక ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, దానిని ప్లేట్‌లెట్ల సంఖ్య (వేలల్లో), ఎస్‌జీపీటీ వర్గమూలం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. 1.3 కంటే తక్కువ వస్తే ముప్పు తక్కువని, 2.67 దాటితే ఎక్కువని భావిస్తారు. 45 ఏళ్ళ వ్యక్తికి ఎస్‌జీఓటీ 36, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకుందాం. 45ను 36తో గుణిస్తే 1620. 49 వర్గమూలం 7 కాబట్టి 200ను 7తో గుణిస్తే 1400. ఫలితం దాదాపు 1.16. నిశ్చింతగా ఉండవచ్చు. అదే వ్యక్తి రెండు రోజుల ముందు కొత్తగా బరువులు ఎత్తి వచ్చాడనీ, ఎస్‌జీఓటీ 72, ఎస్‌జీపీటీ 64 చూపించాయనీ అనుకోండి. 3240ని 1600తో భాగిస్తే 2.03 వస్తుంది. కాలేయంలో ఏ మార్పూ లేకుండానే ఆయన ‘ఇంకా పరీక్షలు అవసరం’ అన్న వరుసలో చేరిపోయాడు. ఆ ఖర్చూ, ఆ నిద్రలేని రాత్రులూ ఎవరికీ వద్దు.

ఎవరు ముందుగా డాక్టరును అడగాలి

కాలేయం గట్టిపడి సిర్రోసిస్ దాకా వెళ్ళినవారు ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తకూడదు. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉన్నవారికి అది ప్రమాదం. షుగరు కోసం ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి వ్యాయామంతో చక్కెర పడిపోయే అవకాశం ఉంది, మందు మోతాదు గురించి ముందే మాట్లాడుకోవాలి. నడిస్తే ఛాతీ పట్టేసేవారు, ఆయాసపడేవారు గుండె పరీక్ష తరువాతే మొదలుపెట్టాలి. వ్యాయామం చేసిన తరువాత తీవ్రమైన కండరాల నొప్పితో పాటు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది అలసట కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

నడకతో మొదలుపెట్టండి, వారానికి 150 నిమిషాలకు చేరండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం ఉండాలి. మధ్యస్థాయి అంటే ఎంత అన్నది వాచీ లేకుండానే తెలుసుకోవచ్చు: పక్కన నడిచేవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. పాడగలుగుతున్నారంటే వేగం చాలదు, మాట తెగిపోతోందంటే ఎక్కువైంది.

అలవాటు లేనివారు మొదటి రెండు వారాలు రోజుకు 15 నిమిషాలతో సరిపెట్టుకోండి. తరువాత వారానికి 5 నిమిషాలు చొప్పున పెంచుకుంటూ వెళితే, ఐదో వారం చివరికి రోజుకు 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు అన్న స్థితికి వస్తారు. మోకాళ్ళు నొప్పిపెట్టేవారికి సైకిలు మంచి మార్గం. సిడ్నీలో జరిగి 2009లో ప్రచురితమైన పరిశోధనలో ఊబకాయులు వారానికి మూడుసార్లు, 30 నుంచి 45 నిమిషాల పాటు సైకిలు తొక్కారు. 4 వారాలు గడిచేసరికి వారి బరువు మారలేదు కానీ కాలేయంలోని కొవ్వు 21 శాతం తగ్గింది. నాకు అన్నింటికంటే ధైర్యమిచ్చిన ఫలితం ఇదే. నెల రోజులు శ్రమపడి, తూకం మీద ముల్లు కదలలేదని నిరాశపడి మానేసేవారు ఎందరో ఉంటారు. ఆ ముల్లు చూపించని చోట పని జరుగుతూ ఉండవచ్చు.

వేసవిలో ఉదయం ఏడు లోపలో, సూర్యాస్తమయం తరువాతో నడవండి. ఎండదెబ్బ తగిలితే దానివల్లే కాలేయం దెబ్బతినవచ్చు.

వేళను ఎంచుకోండి: పెద్ద భోజనానికి ముందు

వ్యాయామ సలహాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని అంశం ఇది. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, సన్నగానే ఉన్నా శరీరం ఇన్సులిన్ మాట వినని యువతీ యువకులను తీసుకున్నారు. పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనానికి ముందు ఒకే ఒక్కసారి 45 నిమిషాలు వ్యాయామం చేయించారు. ఆ భోజనం తరువాత కండరాల్లో గ్లైకోజన్ (గ్లూకోజు దాచుకునే రూపం) తయారీ మూడు రెట్లకు పైగా పెరిగింది, కాలేయం కొత్తగా తయారుచేసిన కొవ్వు సుమారు 30 శాతం తగ్గింది, కాలేయంలో ట్రైగ్లిజరైడ్ల (కొవ్వు నిల్వ ఉండే రూపం) తయారీ సుమారు 40 శాతం తగ్గింది. ఒక్క పూట వ్యాయామానికి వచ్చిన ఫలితమిది.

మన ఇళ్ళలో చాలామందికి రాత్రి భోజనమే పెద్దది. పనినుంచి వచ్చి, టీ తాగి, టీవీ ముందు కూర్చొని, తొమ్మిదిన్నరకు కంచం నిండా అన్నం తిని పదిన్నరకు పడుకునే పద్ధతిలో ఇన్సులిన్ పెరిగి ఉండే వేళ అంతా విశ్రాంతిలోనే గడుస్తుంది. దీనినే కొంచెం జరిపి చూడండి. ఇంటికి రాగానే చెప్పులు విడిచి బూట్లు వేసుకొని, ఏడు గంటలకు 40 నిమిషాలు నడవండి. ఎనిమిదికి కంచం ముందు కూర్చోండి. ముందుగా కూర, పప్పు, గుడ్డు లేదా చేప తిని, అన్నం ఎప్పటి కంటే ఒక గరిటె తక్కువ వడ్డించుకోండి. తిన్న తరువాత మరో 10 నిమిషాలు ఇంటి ముందు అటూ ఇటూ తిరగండి. తిన్న వెంటనే వేసే ఈ అడుగులు భోజనం తరువాత చక్కెర పెరిగే ఎత్తును తగ్గిస్తాయి, దానితో పాటు ఇన్సులిన్ పెరుగుదలను కూడా. ఉదయమే వీలున్నవారు ఉదయమే చేయండి. కుదరని వేళ కోసం ఎదురుచూస్తూ మానేయడం కంటే కుదిరిన వేళలో చేయడమే మేలు.

వారానికి రెండు మూడు రోజులు బస్కీలు తీయండి

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జరిగి 2011లో ప్రచురితమైన పరిశోధనలో ఫ్యాటీ లివర్ ఉన్నవారు 8 వారాలు, వారానికి మూడుసార్లు, కేవలం కండరాల బలం పెంచే వ్యాయామం చేశారు. బరువు తగ్గకపోయినా కాలేయంలోని కొవ్వు 13 శాతం తగ్గింది. ఆయాసం వల్ల ఎక్కువ దూరం నడవలేనివారికి ఇది పెద్ద ఊరట.

దీనికి జిమ్ అక్కర్లేదు. చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి పెట్టుకోండి. అంచున కూర్చొని, పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, చేతులు ఛాతీ మీద కట్టుకొని, ఊపిరి వదులుతూ లేవండి, పీలుస్తూ నెమ్మదిగా మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపట్లో కూర్చోండి. ధబ్బున కూలబడకూడదు, సగం వ్యాయామం ఆ దిగడంలోనే ఉంది. పదిసార్లు చేసి, నిమిషం ఆగి, మళ్ళీ పది. ఇలా మూడు విడతలు సులువుగా అయ్యాక కుర్చీ తీసేసి బస్కీలు తీయండి. చేతులకైతే గోడకు రెండడుగుల దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి దండీలు తీయడం చాలు. తరువాత మంచం అంచు మీద, చివరికి నేల మీద. తొడలు, పిరుదులు శరీరంలోకెల్లా పెద్ద కండరాలు కాబట్టి గ్లూకోజును ఎక్కువగా దాచుకునేవీ అవే, అందుకే కాళ్ళ వ్యాయామాన్ని వదలవద్దని గట్టిగా చెబుతున్నాను.

కంచంలో ఆ శ్రమను వృథా చేయకండి

తీపి పానీయాల్లోని ఫ్రక్టోజు అనే చక్కెర చాలావరకు నేరుగా కాలేయానికే చేరి, గ్లూకోజుకు ఉండే నియంత్రణను తప్పించుకొని కొవ్వు తయారీ వైపు మళ్ళుతుంది. నడక అయ్యాక దాహానికి కూల్ డ్రింకో, చక్కెర కలిపిన పళ్ళరసమో తాగితే అప్పుడే తెరిచిన తలుపును మళ్ళీ మూసినట్టే. మంచినీళ్ళు, పలుచని మజ్జిగ చాలు. మద్యం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కాలేయంలో కొవ్వు ఉన్నవారు పూర్తిగా మానేయాలి.

వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ వదలకండి

అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో, ఊబకాయం వచ్చే స్వభావం గల ఎలుకలకు కొన్ని వారాల పాటు తిరిగే చక్రంలో పరుగెత్తే అవకాశం ఇచ్చి, తరువాత ఆ చక్రాన్ని ఆపేశారు. పరుగెత్తినన్నాళ్ళూ వాటి కాలేయంలో కొవ్వు పేరుకోలేదు. చక్రం ఆగిన 7 రోజుల్లోనే ఎసిటైల్ కోఎ కార్బాక్సిలేజ్, ఫ్యాటీ యాసిడ్ సింథేజ్, మలోనైల్ కోఎ పెరిగిపోయాయి. అప్పటికి కాలేయంలో కొవ్వు ఇంకా కనిపించలేదు, కానీ దానిని తయారుచేసే సరంజామా అంతా సిద్ధమైపోయింది. ఎలుకలో వారం మనిషిలో ఎన్నాళ్ళతో సమానమన్న లెక్క పక్కన పెడితే, మనుషుల్లోనూ కండరానికి ఇన్సులిన్ మీద పెరిగిన స్పందన ఒకటి రెండు రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. షుగరు ఉన్నవారికి వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని చెప్పేది ఇందుకే.

కాబట్టి ఆదివారం ఒక్కరోజు రెండున్నర గంటలు నడిచి వారం లెక్క పూర్తిచేసుకునే పద్ధతి వద్దు. పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, ముసురు పట్టిన రోజులు వస్తూనే ఉంటాయి. వాటికోసం పావుగంటలో అయ్యే చిన్న పద్ధతి ఒకటి ముందే అనుకొని ఉంచండి. మేడ మెట్లు పదిసార్లు ఎక్కి దిగడం, రెండు విడతల బస్కీలు, అంతే. జ్వరం వస్తే మాత్రం పూర్తిగా విశ్రాంతి తీసుకొని, తగ్గాక సగం వేగంతో మొదలుపెట్టండి.

మూడు నుంచి ఆరు నెలలకు మళ్ళీ చూసుకోండి

ఈలోగా నెలకొకసారి బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత తీసి రాసుకోండి. మనవారికి పురుషుల్లో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువగా లెక్కిస్తారు. బరువు అధికంగా ఉన్నవారికి తగ్గడం కూడా అవసరమే. క్యూబాలో 293 మంది మీద ఏడాది పాటు జరిగి 2015లో ప్రచురితమైన అధ్యయనంలో 10 శాతం లేదా అంతకంటే ఎక్కువ బరువు తగ్గినవారిలో 45 శాతం మందికి కాలేయం గట్టిపడడం కూడా వెనక్కు తగ్గింది. 80 కిలోలున్న వ్యక్తికి అది 8 కిలోలు. అంత తగ్గడం వ్యాయామంతోనే కుదరడం అరుదు, ఆహారం తోడు కావాలి.

మామూలు అల్ట్రాసౌండ్ తక్కువ మోతాదులో ఉన్న కొవ్వును సరిగా పట్టుకోలేదు, చిన్న మార్పులను చూపించలేదు. ‘గ్రేడ్ 1’ అలాగే ఉందని రిపోర్టు వచ్చినంత మాత్రాన శ్రమ వృథా అయిందని అనుకోకండి. వీలుంటే మొదటిసారీ, ఇప్పుడూ ఒకేచోట ఫైబ్రోస్కాన్ (కాలేయం గట్టిదనాన్ని, కొవ్వును కొలిచే స్కాన్) చేయించుకొని, అందులో కొవ్వును సూచించే క్యాప్ అంకెను పోల్చి చూడమని డాక్టరును అడగండి. రక్తం ఇవ్వడానికి వెళ్ళే ముందు వారం బస్కీలు, దండీలు ఆపి నడక మాత్రం కొనసాగించండి. రక్తం ఇచ్చిన రోజు సాయంత్రమే వాటిని మళ్ళీ మొదలుపెట్టండి.